వాలిన రెక్క కింద

మా ఇంట్లో ఆ పెట్టెని రిమోట్ అన్నవాళ్ళకి ఆ పూట తిండి పుట్టదు. అది రేడియో. రిమోట్ టీవీకి ఉంటుంది, గేటుకి ఉంటుంది, మావాడికి మాత్రం వాడి పెళ్ళాం చేతిలో ఉంటుంది అని మావయ్య వచ్చినవాళ్ళందరి ముందూ అనేవారు. మా ఆయన నవ్వేసేవాడు. నాకు ఒళ్ళు మండేది. కానీ అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి ఊరుకునేదాన్ని.

మావయ్య ఉద్యోగమంతా ఓడరేవులో క్రేన్ మీద చేశారు. ఆకాశంలో వేలాడే అద్దాల గదిలో కూర్చుని, రెండు చేతులతో రెండు లివర్లు పట్టుకుని, ఇంటి గదులంతేసి పెట్టెల్ని ఓడల్లోంచి దించేవారు. సెలవు రోజున మళ్ళీ రెండు చేతులతో ఆ రేడియో మీది రెండు స్టిక్కులు పట్టుకుని, నేల మీంచే విమానాలు ఎగరేసేవారు. బొమ్మ విమానాలు అనకూడదు. దానికీ తిండి పుట్టదు. మోడల్ విమానాలు.

పోయిన చలికాలం ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది. మాట కూడా తేరుకుంది, కాకపోతే పలకబోయే మాట గుమ్మం దగ్గర కాస్త ఆగి బయటికొస్తుంది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక, గోడలకి వేలాడుతున్న విమానాలన్నిటినీ క్లబ్బు వాళ్ళని పిలిచి ఇచ్చేశారు. వాళ్ళు ఒక్కొక్కటే కారులోకి ఎక్కిస్తుంటే కిటికీ వైపు కూడా చూడలేదు. ఒక్కదాన్ని మాత్రం ఇవ్వలేదు. దాని పేరు పిచ్చుక. మా భోజనాల బల్లంత పొడవు రెక్కలు, గోధుమరంగు వీపు, తెల్లటి పొట్ట. ప్రతి పుల్లా ఆయనే కోసి, అతికించి, పైన బట్ట లాగి కట్టారు.

"ఇది రెండు చేతులతో కట్టింది," అన్నారు. "ఇది పోతే ఇంకోటి కట్టలేను. కొన్నదాన్ని ఎగరెయ్యను."

అంటే పిచ్చుక నేలకూలిన రోజే మావయ్య ఎగరెయ్యడం కూడా ఆఖరు. ఇంట్లో అందరికీ అర్థమైంది. ఎవరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒంటిచేత్తో ఎగరేసేలా రేడియోని మార్చే పని నా నెత్తిన పడింది. నా ఉద్యోగం చెవి మిషన్లు అమర్చడం. వినికిడి తగ్గినవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళ చెవికి సరిపడేలా ఆ మిషన్ని కంప్యూటర్లో సరిచేస్తాను. "నాకు బాగానే వినిపిస్తుంది, మా ఆవిడే గొణుగుతుంది" అనేవాళ్ళతో రోజంతా వేగుతాను. మెనూలంటే నాకు భయం లేదు. మనుషులన్నా లేదు. మావయ్య కోపమంటే మాత్రం కాస్త ఉంది, ఎందుకంటే అది అచ్చం నా కోపంలాగే ఉంటుంది.

పిచ్చుకని భోజనాల బల్ల మీద పెట్టాం. మావయ్య ముందుగా ప్రొపెల్లర్ విప్పించి సొరుగులో దాచారు. అది ఉండగా ఇంట్లో బ్యాటరీ తగిలించడం ఆయన దృష్టిలో మహాపాపం. రేడియోకి రెండు స్టిక్కులు. ఆయన అలవాటు ప్రకారం ఎడమ స్టిక్కులో తోక ఉండేది, అంటే ముక్కుని పైకీ కిందకీ ఎత్తి దించే ఎలివేటరు, పక్కకి తిప్పే రడ్డరు. కుడి స్టిక్కులో మోటారూ, రెక్కల అంచున కదిలే పలకలూ. ఆ పలకల్ని ఐలరాన్లు అంటారు. విమానాన్ని పక్కకి వాల్చేవి అవే. వాలితేనే అది సరిగ్గా మళ్ళుతుంది. ఇప్పుడు కుడి స్టిక్కులో ఉన్నవన్నీ ఎడమ చేతికి చేరాలి.

మొదట మోటారు సంగతి చూశాను. రేడియో వీపున, ఎడమ చూపుడువేలికి అందేచోట చిన్న లివరు ఒకటుంది. మోటారుని దానికి అప్పగించాను. పైకి తోస్తే మోటారు ఆగిపోయింది, కిందకి లాగితే గిర్రున తిరిగింది.

"తిరగబడింది," అన్నారు మావయ్య.

"మారుస్తున్నాను కదా. కాస్త ఆగలేరా?"

"క్రేన్ మీద ఇలా తిరగబడితే కింద మనిషి ఉంటాడు."

"ఇది భోజనాల బల్ల. కింద మీ కాలే ఉంది."

ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు. లివరు కుదిరింది. ఆ తర్వాత మిగిలిందే అసలు చిక్కు. ఐలరాన్లని ఎడమ స్టిక్కుకి తెచ్చి, రడ్డరు కూడా వాటితోపాటు కొంచెం కదిలేలా కలపాలి, లేకపోతే నేల మీద పరిగెత్తేటప్పుడు తిప్పడానికి ఏమీ ఉండదు. ఇది పెద్ద మార్పు. ఎక్కడైనా చెడితే వెనక్కి వెళ్ళడానికి దారి ఉండాలని, అప్పటిదాకా ఉన్న సెట్టింగులన్నిటికీ కాపీ తీశాను. రేడియోలో ఒక్కో విమానానికి ఒక్కో మెమరీ ఉంటుంది. ఇప్పుడు పిచ్చుకకి రెండయ్యాయి. పాత పద్ధతి ఒకటో అంకెలో ఉండిపోయింది. ఒంటిచేతిది రెండో అంకెలోకి వచ్చింది.

మావయ్య స్టిక్కుని వెనక్కి లాగితే బొటనవేలు పక్కకి కూడా జారేది, దాంతో ముక్కుతో పాటు రెక్క కూడా కదిలేది. అందుకని స్టిక్కు నడిమి భాగాన్ని మెత్తబరిచాను. కొంచెం కదిపితే ఇంకా కొంచెమే కదిలేలా.

"మొద్దుబారిపోయింది," అన్నారు.

"మీ వేలు జారుతోంది."

"నా వేలు జారట్లేదు."

నా దగ్గరికొచ్చే ముసలాళ్ళందరూ అనే మాటే. నేను మెత్తదనాన్ని తీసేసి ఆయన చేతికిచ్చాను. ఆయన లాగారు, రెక్క ఎగిరిపడింది. నా వైపు చూడకుండా, "సరే, పెట్టు," అన్నారు.

సాయంత్రానికి అన్నీ కుదిరాయి. ఎడమ బొటనవేలితో స్టిక్కుని కుడికి వంచితే కుడి రెక్క పలక లేచింది, ఎడమ రెక్కది దిగింది, తోక కూడా తోడు కదిలింది. మావయ్య దాన్ని అటూ ఇటూ చాలాసేపు వంచి చూసుకున్నారు. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు కానీ, పక్కన పెట్టిన టీ చల్లారిపోయింది.

"ఇంక పాతది చెరిపేస్తున్నాను," అన్నాను.

నిజానికి చెరపాలి. మామూలుగా వేరే విమానం మెమరీ పెట్టి బ్యాటరీ తగిలిస్తే ఈ విమానం ఉలకదు పలకదు. తన మెమరీ ఏదో దానికి గుర్తుంటుంది. కానీ కాపీకీ అసలుకీ గుర్తు ఒకటే. పిచ్చుక రెండిటికీ ఒకేలా పలుకుతుంది.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా ఆయన, "ఉండనీ," అన్నాడు.

"ఎందుకు?"

"ఉండనీ. చెయ్యి వస్తే మళ్ళీ కావాలిగా."

అత్తయ్య కూడా తలూపారు. మావయ్య ఎవరి వైపూ చూడకుండా పిచ్చుక వీపు మీద లేని దుమ్ము తుడిచారు. కొత్త మిషన్ పెట్టుకున్నవాళ్ళు పాడైన పాతదాన్ని పారెయ్యరు, డబ్బాలో దాచుకుంటారు. నేను రోజూ చూసి లోపల నవ్వుకుంటాను. ఆ సాయంత్రం నవ్వు రాలేదు. పాతది ఉంచేశాను.

తర్వాత రోజులన్నీ కంప్యూటర్ ముందు గడిచాయి. రేడియోని దానికి తగిలిస్తే తెర మీద విమానం ఎగురుతుంది, కూలినా ఖర్చు లేదు. విమానం ఎటు మళ్ళాలో అటు మావయ్య ఒళ్ళంతా వంచేవారు, కుర్చీ కిర్రుమనేది. ఎగరేసేవాళ్ళందరికీ ఆ జబ్బు ఉంటుందట. ఆయనకి విసుగొచ్చినప్పుడు రేడియో నాకిచ్చేవారు. నా చేతిలో అది పోయినంతసేపు బాగానే పోయేది. మా వైపు తిరిగి రావడం మొదలుపెట్టగానే నేను కుడి అనుకున్నది ఎడమయ్యేది, దబ్బున కూలేది.

"ఎదురొచ్చేటప్పుడు కుడీ ఎడమా ఆలోచించకు," అన్నారాయన. "వాలిన రెక్క కింద… స్టిక్కు పెట్టు. పడిపోయేదానికి ఊతం పెట్టినట్టు."

"మీరు చెప్పినంత తేలిక కాదు."

"తేలికని ఎవరన్నారు?"

ఈలోగా రేడియో బ్యాటరీ నన్ను ఏడిపించడం మొదలుపెట్టింది. నిండా ఛార్జి చేసి పడుకుంటే, లేచి చూసేసరికి తగ్గి ఉండేది. "వాడాక ఆపేసి పెట్టమని మీకెన్నిసార్లు చెప్పాలి?" అని మా ఆయన మీద లేచాను. తను ముట్టుకోలేదన్నాడు. నేను నమ్మలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో అనవసరంగా వెలిగిన ప్రతి లైటూ మా ఆయన ముట్టుకోనిదే. ఇంకో సంగతి కూడా ఉంది. తెల్లారాక, అందరం లేవకముందు, మావయ్య గదిలోంచి రేడియో ఆన్ చేసినప్పుడు వచ్చే కూత వినిపించేది. ఎడమ చేతికి సాధన చేసుకుంటున్నారని నేను దుప్పట్లోనే సంతోషపడేదాన్ని.

క్లబ్బు మైదానం గోదాముల వెనక ఉంటుంది. జబ్బు చేసి లేచినవాళ్ళు మళ్ళీ సొంతంగా ఎగరెయ్యాలంటే డ్రైవింగు మాస్టారి ఎదుట ఒక చుట్టు తిప్పి, దించి చూపించాలి. అది అక్కడి నియమం. ఆయన వారమంతా డ్రైవింగు స్కూలు నడుపుతారు, ఆదివారం మైదానంలో భద్రత చూస్తారు. మెడలో ఈల ఉంటుంది. ఎవరు ఎగరేస్తున్నా కుడి పాదంతో గడ్డిలో లేని బ్రేకు తొక్కుతూ ఉంటారు. అందరూ చూసి నవ్వుతారు, ఆయనకి తెలియదు.

ఆ ఆదివారం గాలి కాస్త ఎక్కువగానే ఉంది. ఇవాళ వద్దంటారేమో అని మావయ్య మొహం చూశాను. ఆయన గాలి వైపు చెంప పెట్టి, "పరవాలేదు," అన్నారు. అత్తయ్య మడత కుర్చీని రన్‌వేకి వీపు పెట్టి వేసుకున్నారు. "దిగాక చెప్పండి," అన్నారు. విమానం గాల్లో ఉండగా ఆవిడ ఎప్పుడూ చూడరు.

రేడియోని చెక్క ట్రేలో బిగించి, ట్రేని పట్టీతో మావయ్య మెడకి తగిలించాం. కుడి చెయ్యి వేలాడితే భుజం లాగుతుందని దాన్ని ట్రే అంచున, స్టిక్కు పక్కనే పడుకోబెట్టాం. రేడియో కూసింది. మా ఆయన పిచ్చుకకి బ్యాటరీ తగిలించి, తోక పట్టుకుని గడ్డిలో కూర్చున్నాడు.

ఎగిరేముందు ప్రతి పలకా కదిలించి చూడాలి. ఎంత తొందరున్నా వదలకూడని పని అది. మావయ్య స్టిక్కు వెనక్కి లాగారు. "ఎలివేటరు లేచింది," అన్నాడు మా ఆయన. పక్కలకి వంచారు. మా ఆయన కళ్ళెదుట రడ్డరు అటూ ఇటూ ఊగింది. "కదులుతోంది, కదులుతోంది." లివరు తోస్తే మోటారు పలికింది. గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డగొట్టం వైపు చూస్తూ మాస్టారు తలూపారు. రెక్కలు చూడాల్సింది నేను. కానీ నేను మావయ్య ఎడమ బొటనవేలిని చూస్తున్నాను, వణుకుతోందేమో అని. వణకలేదు. అంతటితో అంతా బాగుందనుకున్నాను.

"వదులు," అన్నారు మావయ్య.

పిచ్చుక గడ్డి మీద పరుగు తీసింది. గాలికి ముక్కు పక్కకి పోబోతే ఆయన స్టిక్కు కొద్దిగా కదిపి తిన్నగా చేశారు. తోక లేచింది, చక్రాలు లేచాయి, తెల్లటి పొట్ట కనపడింది. మా ఆయన చప్పట్లు కొట్టబోయి మాస్టారి మొహం చూసి మానుకున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత త్వరగా సంతోషపడినందుకు తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

రన్‌వే చివర ఎడమకి మళ్ళాలి. మావయ్య స్టిక్కు ఎడమకి వంచారు. పిచ్చుక ముక్కు తిప్పింది కానీ ఒళ్ళు వాల్చలేదు. తడిసిన గచ్చు మీద జారినట్టు పక్కకి జారుతూ గోదాముల వైపే పోయింది. ఆయన ఇంకా వంచారు. ఎడమ రెక్క ఆలస్యంగా దిగడం మొదలుపెట్టింది, ఇంక ఆగలేదు. ఎదురు వంచితే ముక్కు కుడికి కొట్టుకుంది, రెక్క మాత్రం లేవలేదు.

"రెక్క…" అన్నారు. తర్వాతి మాట గుమ్మంలో ఆగింది. "…రావట్లేదు."

"సిగ్నల్ పోయిందా?" అన్నారు మాస్టారు.

మావయ్య తల అడ్డంగా ఊపారు. ఎలివేటరు వింటోంది, మోటారు వింటోంది. సిగ్నల్ పోతే ఏదీ వినకూడదు. రేడియో తెర వైపు చూశాను. పిచ్చుక బొమ్మ ఉంది, పక్కన అంకె ఉంది. ఒకటి.

లివరు మార్చాకే నేను కాపీ తీశాను. కాబట్టి పాతదాంట్లో కూడా మోటారు లివరుకే ఉంది. ఎడమ స్టిక్కుకి తోక ఎలాగూ ఉంది. అందుకే నేల మీద ఉన్నంతసేపు తేడా తెలియలేదు. రెక్కలు ఒక్కటే కుడి వైపు ఉండిపోయాయి. గాల్లో ఉండగా మెమరీ మార్చడానికి లేదు. మార్చే ఆ కాసేపు రేడియోకీ విమానానికీ సంబంధం తెగిపోతుంది, మోటారు ఆగిపోతుంది, కింద గోదాముల రేకులు.

"మావయ్యా, ఇది పాతది. ఐలరాన్లు కుడి స్టిక్కులో ఉన్నాయి."

ఆయన ఆకాశం మీంచి చూపు తిప్పలేదు. మెడ మీద నరం ఒకటి ఉబ్బింది. ఆయన కుడి చెయ్యి ఆ స్టిక్కు పక్కనే ఉంది, వేలు చాస్తే తగిలేంత దగ్గర. ఇన్నేళ్ళూ ఆ పని చేసింది అదే. అది ట్రే అంచున అలాగే పడుకుని ఉంది.

మాస్టారు గబగబా దగ్గరికొచ్చారు. "కుడి స్టిక్కు నేను పడతాను."

"మీ చేతికి… వేరే అలవాటు," అన్నారు మావయ్య. నిజమే. మాస్టారి పద్ధతిలో ఎలివేటరు కూడా కుడి చేతిలోనే ఉంటుంది, కంగారులో ఆ చెయ్యి దాని అలవాటు అది చేసుకుపోతుంది. "అమ్మాయ్. నువ్వు."

"నేనా?"

"కుడి చెయ్యి… నువ్వు."

ఆయన కుడి చేతిని ఎత్తి పక్కకి జరిపాను. అంత బరువుంటుందని అనుకోలేదు. ఆయన భుజానికి భుజం ఆనించి, స్టిక్కు కొసని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాను. నా వేళ్ళు వణికాయి. ఆ వణుకు అంత దూరాన పిచ్చుక రెక్కల్లో కనపడింది.

"కుడికి," అన్నారు. వంచాను. వాలిపోతున్న రెక్క లేచి తిన్నగా నిలబడింది. "చాలు. మధ్యకి."

మధ్యకి తెచ్చాను. పిచ్చుక గోదాము రేకుల మీదుగా దాటి అవతలికి పోయింది. ఇప్పుడు వెనక్కి మళ్ళించాలి. ఆయన నోరు తెరిచారు. మాట రాలేదు. తొందర పెరిగేకొద్దీ ఆయన మాట ఇంకా లోపలికి పోతుంది, నాకు తెలుసు. పిచ్చుక చిన్నదైపోతోంది. ఇంకాస్త దూరం పోతే ఏది వీపో ఏది పొట్టో కూడా కనపడదు. మాస్టారు ఏదో అంటున్నారు, నాకు వినిపించట్లేదు.

అప్పుడు నా భుజానికి ఆనిన భుజం ఎడమకి తప్పుకుంది. తెర ముందు కుర్చీని కిర్రుమనిపించిన వంపే అది. దాని వెంట స్టిక్కుని ఎడమకి వంచాను. పిచ్చుక వాలింది, మళ్ళింది.

ఆ తర్వాత నేను మాట కోసం చూడలేదు. భుజం ఎటు పోతే అటు స్టిక్కు, భుజం ఆగితే మధ్యకి. మలుపులో ముక్కు దిగకుండా ఆయన ఎడమచేత్తో ఎత్తి పట్టారు, చూపుడువేలితో మోటారు పెంచారు. సగం విమానం ఆయన చేతిలో ఉంది, సగం నా చేతిలో ఉంది. ఎవరు తప్పు చేసినా రెండు సగాలూ పోతాయి. నా వేళ్ళు చెమటకి జారుతున్నాయి, తుడుచుకోవడానికి లేదు.

ఇంకో మలుపు తిరిగి పిచ్చుక మాకు ఎదురొచ్చింది. మోటారు చప్పుడు పెరిగింది. ఎత్తు తగ్గుతూ కంచె దాటింది. అక్కడ గాలి పక్కనుంచి కొట్టింది, ఒక రెక్క దిగింది. నేను దాన్ని లేపుదామని ఎడమకి వంచాను. అది ఇంకా దిగింది. మాస్టారి పాదం గడ్డిలో బ్రేకు తొక్కుతోంది. ఎవరికీ నవ్వు రాలేదు.

"వాలిన…" అన్నారు మావయ్య. మిగతా మాట ఆగిపోయింది.

మిగతా మాట నా దగ్గరుంది. దిగిన రెక్క నా కంటికి కుడి వైపుంది. స్టిక్కుని కుడికి, దాని కిందకి పెట్టాను. రెక్క కొస గడ్డికి తగలబోయి లేచింది. మావయ్య చూపుడువేలు లివరుని జార్చింది, మోటారు నిదానించింది, బొటనవేలు ముక్కుని పట్టి ఉంచింది. పిచ్చుక ఒకసారి గెంతి, మళ్ళీ దిగి, పక్కకి తిరిగి ఆగిపోయింది. చక్రం కాలు ఒకటి వంగింది. అంతకంటే ఏమీ కాలేదు.

"దిగిందా?" అన్నారు అత్తయ్య, అటు తిరిగే.

"దిగింది," అన్నాను.

మా ఆయన పరిగెత్తి బ్యాటరీ పీకేసి, పిచ్చుకని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. భయం దిగగానే నాకు కోపం ఎక్కింది. "రేడియో ఎవరు ముట్టుకున్నారు? నేను రెండో మెమరీలో పెట్టి ఆపాను. పాతది చెరపనివ్వలేదు, సరే. దాన్ని కెలకడం దేనికి?"

"నేను ముట్టుకోలేదు," అన్నాడు. లైట్ల గురించి అడిగినప్పుడు ఉండే మొహమే.

"మీరు ముట్టుకోకపోతే దానంతటదే మారిందా?"

"నేనే," అన్నారు మావయ్య.

అందరం ఆయన వైపు తిరిగాం.

"రోజూ పొద్దున పాతది పెడతాను. కుడి చెయ్యి… స్టిక్కు మీద పెట్టుకుంటాను. తెర మీద గీత ఉంటుంది కదా. స్టిక్కు వెంట్రుకవాసి కదిలినా… అది కదులుతుంది. ఇవాళా చూశాను. తిరిగి రెండు పెట్టడం మర్చిపోయాను."

అడగకూడదని తెలిసే మా ఆయన అడిగాడు. "కదిలిందా నాన్నా?"

"లేదు. ఒక్కరోజూ కదల్లేదు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది, అందరి ముందే ఏడ్చాను. ఆ కూత వినిపించినప్పుడల్లా దుప్పట్లో పడుకుని సంతోషపడ్డానే, అది నన్ను పొడిచింది. ఆ సమయంలో ఆయన ఒక్కరే ఆ గీతని చూస్తూ కూర్చున్నారు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "దించారు. బాగానే దించారు. కానీ ఇద్దరు కలిసి దించితే నేను ఒప్పుకోలేను."

"ఒప్పుకోకూడదు," అన్నారు మావయ్య. "ఇంకో బ్యాటరీ ఉంది."

ట్రేని అక్కడున్న బల్ల మీదకి దింపించుకున్నారు. మెనూ తిప్పే చక్రం రేడియోకి కుడి పక్కన ఉంటుంది. ఎడమ చేతిని పెట్టె మీదుగా అటు చాచారు. నేను చెయ్యబోతే తల అడ్డంగా ఊపారు. వాడుతున్న మెమరీని రేడియో చెరపనివ్వదు, ముందు రెండోదానికి మారాలి. మారారు. తర్వాత వెనక్కి, ఒకటి మీదకి వచ్చారు. చెరిపెయ్యాలా అని రేడియో అడిగింది. ఉండనీ అనడానికి మా ఆయన నోరు తెరిచాడు. అనలేదు. మావయ్య వేలు చక్రం మీద చాలాసేపు ఆగింది. నొక్కారు. నిజంగానేనా అని అది మళ్ళీ అడిగింది.

"నీ అంత మొండిది," అని నాతో అని, మళ్ళీ నొక్కారు.

ఒకటో అంకె పోయింది. తెర మీద రెండోది ఒక్కటే మిగిలింది.

మా ఆయన చక్రం కాలుని మోకాలి మీద పెట్టి తిన్నగా వంచాడు. కొత్త బ్యాటరీ తగిలించాం. ట్రేని మళ్ళీ మెడకి వేశాక, నేను అలవాటుగా మావయ్య కుడి చేతిని ఎత్తి అంచున పెట్టబోయాను.

"అక్కడ వద్దు," అన్నారు. "జేబులో పెట్టు."

కోటు జేబులో పెట్టాను. లోపల వేళ్ళు ముడుచుకుపోకుండా సర్దాను. అత్తయ్య కుర్చీని రన్‌వే వైపు తిప్పుకుని కూర్చున్నారు, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నారు.

ఈసారి తోక పట్టుకుని నేను కూర్చున్నాను. గడ్డి తడి మోకాళ్ళకి తగిలింది.

"రెక్కలు చూడు," అని అక్కడినుంచి అరిచారు మావయ్య. స్టిక్కు వంచారు.

"కుడిది లేచింది మావయ్యా."

"ఎడమది?"

"అది దిగింది."

"చూసే చెప్తున్నావా?"

"చూసే చెప్తున్నాను."

"వదులు," అన్నారు.

వదిలాను.